సావో టోమే, ప్రిన్సిపే: ఎవరైనా వెళ్ళొచ్చారా?

లువాండా శ్రీను
అందరికీ నమస్కారం. నేను అంగోలాలో కన్‌స్ట్రక్షన్ పనిలో ఉన్నాను. ఆగస్టులో సెలవు దొరుకుతోంది, మా ఆవిడ హైదరాబాద్ నుంచి వస్తోంది. ఇక్కడి మనవాళ్ళని అడిగితే సెలవంటే కేప్‌టౌన్ లేదా దుబాయ్, అంతే. నాకేమో మ్యాప్‌లో గాబన్ పక్కన సముద్రంలో రెండు చుక్కలు కనిపించాయి. రెండూ కలిపి ఒక దేశమట. లువాండా నుంచి ఫ్లైట్ రెండు గంటలే. తెలుగులో వెతికితే పోటీ పరీక్షల బిట్లు తప్ప ఏమీ దొరకలేదు.

చూడ్డానికి ఏముంది? భయం లేకుండా తిరగొచ్చా? మా ఆవిడ శాకాహారి, తిండి సంగతేంటి? బీచ్‌లో పడుకుని రావడం మాత్రం మా ఇద్దరికీ చేతకాదు.

బెజవాడ బాబీ
ఆ బిట్లు బట్టీ పట్టినవాళ్ళలో నేనొకణ్ణి బ్రో. రాజధాని సావో టోమే, కరెన్సీ డోబ్రా. ఇంతకుమించి ఒక్క ముక్క తెలీదు. ఫాలో అవుతున్నా.

లిస్బన్ లక్ష్మి
శ్రీను గారూ, మేం వెళ్ళొచ్చాం. పోర్చుగల్‌లో ఉండేవాళ్ళకి ఇది మరీ తెలియని చోటేం కాదు, ఇక్కణ్ణుంచి నేరుగా విమానం ఉంది. అయినా ఏడాది మొత్తం మీద ఆ దేశానికి వచ్చే విదేశీయులు 35 వేలకు అటూ ఇటూ. తిరుమలకి ఒక మామూలు రోజు వచ్చే జనంలో సగం అనుకోండి.

రెండు ద్వీపాలూ కలిపితే దాదాపు 1,000 చదరపు కిలోమీటర్లు. జనాభా 2 లక్షల పైచిలుకు. ఆఫ్రికాలో సీషెల్స్ తర్వాత ఇంతకంటే చిన్న దేశం లేదు. జనం దాదాపు అంతా సావో టోమే ద్వీపంలోనే ఉంటారు, ప్రిన్సిపేలో ఉండేది ఏడెనిమిది వేల మంది. రెండూ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవే కాబట్టి మధ్యలో అంతా కొండలు, అడవి. ఎత్తైన శిఖరం 2,024 మీటర్లు. దక్షిణాన రోలాస్ అనే చిన్న దీవి మీదుగా భూమధ్యరేఖ పోతుంది, అక్కడ నేల మీద ప్రపంచ పటం గీసి గుర్తు పెట్టారు. ఫొటో దిగడానికి తప్ప దానికోసం ఒక రోజు పెట్టడం నా దృష్టిలో దండగ.

మీరు వెళ్ళేది ఆగస్టు కాబట్టి ఒక మాట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు తక్కువ. గ్రవానా అంటారు ఆ కాలాన్ని. అలాగని ఎండ కాస్తుందనుకోవద్దు. మబ్బు పట్టి, కాస్త చల్లగా, గాలిగా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ నీలిరంగు సముద్రం కావాలంటే నిరాశే. నడవడానికి మాత్రం అంతకంటే మంచి రోజులు ఉండవు. మిగతా నెలల్లో నైరుతి కొండల మీద పడే వాన 6,000 మిల్లీమీటర్లు దాటుతుంది. రాజధాని ఊరి వైపు అందులో ఆరో వంతు కూడా పడదు. ఇంత చిన్న ద్వీపంలో ఇంత తేడా!

ద్వీపం చుట్టూ పూర్తిగా రోడ్డు లేదు. ఒకటి దక్షిణానికి వెళ్ళి ఆగిపోతుంది, ఇంకొకటి పడమటి తీరాన వెళ్ళి ఆగిపోతుంది. రెండిటి మధ్యా అడవి. అందుకని ప్రతి ట్రిప్పుకీ మళ్ళీ ఊళ్ళోకి రావాల్సిందే.

ఇక అసలు చూడాల్సినవి "రోసా"లు. అంటే పాత కోకో, కాఫీ ఎస్టేట్లు. బీచ్ వద్దన్నారు కాబట్టి మీ సెలవంతా వీటికే ఇవ్వండి. అగుస్టీన్యో నెటో అనే రోసాకి తప్పకుండా వెళ్ళండి. (పేరు చూశారుగా, మీ అంగోలా మొదటి అధ్యక్షుడి పేరే. పాత పేరు రియో దో ఔరో.) వెడల్పాటి రాతి బాట, దాని చివర కొండ మీద పెద్ద హాస్పిటల్. కూలీల కోసం కట్టింది. ఇప్పుడు కిటికీలకి తలుపుల్లేవు, మెట్ల సందుల్లోంచి మొక్కలు మొలిచాయి. ఒక వార్డులో ఒక కుటుంబం కాపురం ఉంటోంది. కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టి బట్టలు ఆరేశారు. కింద మెట్ల మీద ఒకావిడ చేటలో కోకో గింజలు ఏరుతోంది. మేం ఆగి చూస్తుంటే ఒక కోకో కాయ మెట్టుకేసి కొట్టి, రెండు చెక్కలు చేసి మా చేతిలో పెట్టింది. తెల్లటి గుజ్జు చప్పరించి గింజ ఊసెయ్యాలి. పుల్లగా, తియ్యగా ఉంటుంది. చాక్లెట్ రుచి ఛాయలకి కూడా రాదు.

పెదవేగి రైతు
లక్ష్మమ్మా, మంచి విషయం రాశారు. మాకు కొబ్బరిలో అంతర పంటగా కోకో ఉంది, కొంత ఆయిల్ పామ్ కూడా. మొన్న 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను 10,000 డాలర్లు దాటినప్పుడు మా దగ్గర కూడా కిలో ధర ఎక్కడికో వెళ్ళింది. ఆ మరుసటి ఏడాదే పడిపోయి రైతులు రోడ్డెక్కారు. ఆ దేశంలో గింజ ఎలా పులియబెడతారు? ఎక్కడ ఆరబెడతారు? అన్ని వానల్లో బూజు పట్టదా? తెలిస్తే చెప్పండి, మా ఊళ్ళో చాలామందికి పనికొస్తుంది.

లిస్బన్ లక్ష్మి
రైతు గారూ, నేను చూసినంత వరకు చెక్క పెట్టెల్లో పోసి, పైన అరటాకులు కప్పి పులియబెడుతున్నారు. దాదాపు ఐదారు రోజులు, మధ్యలో ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి తిరగబోస్తారు. ఆ షెడ్‌లోకి వెళ్తే వెనిగర్ వాసన ముక్కు పగలగొడుతుంది. పెట్టెలో చెయ్యి పెట్టమన్నారు, లోపల కాలిపోతోంది! ఆరబెట్టడానికి ఎండ ఉన్న వైపు ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్లలో తట్టల మీద పరుస్తారు. వాన ఎక్కువున్న చోట నేల కింద కట్టెల మంట పెట్టి, వేడి నేల మీద గింజ పోసి పారలతో తిప్పుతుంటారు. పొగ తగలకుండా చూసుకోవడమే అందులో కష్టమట.

అక్కడ ఎక్కువగా ఉన్నది అమెలొనాడో అనే పాత రకం. దిగుబడి తక్కువ. అందుకే పరిమాణంలో పోటీ పడలేక నాణ్యత మీద పడ్డారు. సెకాబ్ అనే సహకార సంఘం చిన్న రైతుల గింజని సేంద్రియ కోకోగా ఫ్రాన్స్‌కి పంపిస్తోంది. క్లౌడియో కొరాల్లో అనే ఇటాలియన్ ఒకాయన అక్కడే చాక్లెట్ తయారుచేస్తాడు, ప్రపంచమంతా పేరుంది.

పాతపుస్తకం
ఆలస్యంగా చూశాను. రోసాలు చూడమన్నారు, బాగానే ఉంది. కానీ అవి ఎవరి చెమటతో కట్టారో తెలియకుండా చూస్తే అందమైన పాత భవనాల్లాగే కనిపిస్తాయి. శ్రీను గారికి ఇది మరీ దగ్గరి విషయం, ఎందుకంటే ఆ మనుషులు వెళ్ళింది మీరుండే లువాండా, ఇంకా బెంగెలా రేవుల నుంచే.

1470 ప్రాంతంలో పోర్చుగీసులు వచ్చేసరికి ఈ ద్వీపాల్లో మనుషులే లేరు. కాబట్టి ఇప్పుడున్న ప్రతి కుటుంబమూ ఎక్కణ్ణుంచో వచ్చిందే, అందులో ఎక్కువమంది తేబడ్డవాళ్ళు. మొదట చెరకు వేశారు. 16వ శతాబ్దంలో పెద్ద ఎత్తున బానిసలతో చెరకు తోటలు నడపడం ఎలాగో ఇక్కడే నేర్చుకుని, ఆ పద్ధతిని బ్రెజిల్‌కి తీసుకెళ్ళారు. 1595లో అమదోర్ అనే బానిస నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. ఆయన్ని చంపేశారు. అక్కడి పాత నోట్ల మీద ఉన్న బొమ్మ ఆయనదే, జనవరి 4 ఆయన పేరుతో సెలవు.

తర్వాత కాఫీ, కోకో వచ్చాయి. 1875లో బానిసత్వం రద్దు చేశాం అన్నారు. రద్దు చేసి "కాంట్రాక్టు కూలీ" అని పేరు మార్చారు. అంగోలా లోతట్టు ప్రాంతాల నుంచి మనుషుల్ని సంకెళ్ళతో తీరానికి నడిపించి, అధికారి ముందు ఐదేళ్ళ కాగితం మీద రాయించి, ఓడ ఎక్కించారు. 1908 దాకా వెనక్కి వెళ్ళినవాళ్ళు దాదాపు లేరు. అదే కాలంలో మన విశాఖ, గోదావరి, గంజాం వాళ్ళు కూడా ఐదేళ్ళ కాగితం మీద నాటాల్, మారిషస్ చెరకు తోటలకి వెళ్ళారు కదా. వాళ్ళ బతుకూ సుఖంగా లేదు, కానీ గడువు తీరాక కొందరైనా తిరిగొచ్చారు. ఇక్కడ ఆ గడువుకి అర్థమే లేదు.

ఆ లెక్కతోనే 20వ శతాబ్దం మొదట్లో ఈ చిటికెడు దేశం ప్రపంచంలోకెల్లా ఎక్కువ కోకో ఎగుమతి చేసింది. ఆ గింజ కొన్నవాళ్ళలో క్యాడ్‌బరీ ఒకటి. బానిసత్వాన్ని వ్యతిరేకించే క్వేకర్ మతస్థుల కంపెనీ అది! వాళ్ళకి 1901లోనే వదంతులు చేరాయి. విచారణకి మనిషిని పంపడం, నివేదిక, పోర్చుగల్‌తో సంప్రదింపులు అంటూ కొనడం మానేసరికి 1909 అయింది. ఇది కపటం అని రాసిన లండన్ పత్రిక "స్టాండర్డ్" మీద క్యాడ్‌బరీ పరువునష్టం దావా వేసింది. గెలిచింది కూడా. జ్యూరీ ఇప్పించిన పరిహారం ఎంతో తెలుసా? ఒక్క ఫార్థింగ్. పెన్నీలో నాలుగో వంతు.

హైటెక్ హరీష్
సార్, అడిగింది ట్రావెల్ టిప్స్. భార్యతో హ్యాపీగా వెళ్ళే మనిషికి బానిసత్వం పాఠం అవసరమా? అన్ని దేశాల్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. నేను వీడియోలు చూశాను, సూపర్ గ్రీనరీ, మనిషి చెయ్యి పడని స్వర్గం.

పాతపుస్తకం
> మనిషి చెయ్యి పడని స్వర్గం

హరీష్, ఆ వీడియోలో కనిపించే పచ్చదనంలో సగం పాత కోకో తోటలే. నీడకోసం వేసిన చెట్లు పెరిగి అడవిలా కనిపిస్తాయి. సీమపనస, కోకో, అరటి, ఇవేవీ అక్కడ పుట్టినవి కావు, అన్నీ ఓడల్లో వచ్చినవే. చెయ్యి పడని అడవి ఉంది, కాదనను, కొండల మీద ఓబో నేషనల్ పార్కులో. రోసా దగ్గర మాత్రం స్వర్గం అనకు బాబూ.

ఇది మరీ పాత కథ కూడా కాదు. 1953 ఫిబ్రవరిలో బతెపా అనే ఊరి దగ్గర నుంచి మొదలైన హత్యాకాండలో వందల మంది చనిపోయారు. ఫోరోలు, అంటే విముక్తులైన బానిసల వంశీకులు, తోట కూలీకి వెళ్ళం అని మొండికేశారు. గవర్నర్ గోర్గుల్యో బలవంతం చెయ్యబోయాడు, అక్కడ ముదిరింది. ఫిబ్రవరి 3 ఇప్పటికీ అక్కడ జాతీయ సంతాప దినం. స్వాతంత్ర్యం 1975 జులై 12న వచ్చింది. తోటలన్నీ ప్రభుత్వపరం చేశారు, నడపడం చేతకాక దిగుబడి పడిపోయింది, తర్వాత ముక్కలు చేసి జనానికి పంచారు. లక్ష్మి గారు చూసిన వార్డులో కాపురం ఉంటున్నవాళ్ళు ఆ కూలీల మనవలో మునిమనవలో అయ్యుంటారు.

లువాండా శ్రీను
పాతపుస్తకం గారూ, హరీష్ మాట పట్టించుకోకండి, నాకు కావలసింది ఇదే. మా సైట్‌లో ఒక ఫోర్‌మన్ ఉన్నాడు, పెద్దాయన. టికెట్ గురించి మాట్లాడుతుంటే విని "మా తాత అన్న అక్కడికే పోయాడు" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. రేపు కూర్చోబెట్టి అడుగుతాను.

గుంటూరు మాస్టారు
ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. ప్రిన్సిపేలో సుందీ అనే రోసా ఉంది. 1919 మే 29 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ టెలిస్కోప్ పెట్టింది అక్కడే. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రాల వెలుగు ఎంత వంగుతుందో కొలవాలి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం లెక్క ప్రకారం 1.75 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను). తెల్లారి లేస్తే కుండపోత! గ్రహణం సమయానికి వాన ఆగింది కానీ మబ్బులు పోలేదు. ఐదు నిమిషాల చీకట్లో 16 ఫొటో ప్లేట్లు తీశారు. మబ్బుల సందుల్లో పనికొచ్చేలా నక్షత్రాలు పడ్డవి రెండే. బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లో ఇంకో బృందానికి ఆకాశం బాగుండటంతో కేసు బలపడింది. నవంబరు 6న లండన్‌లో ఫలితం ప్రకటించారు, మర్నాటి నుంచి ఐన్‌స్టీన్ ఇంటింటి పేరు.

మా ఊరి గొప్ప కూడా చెప్పుకోనివ్వండి. అంతకు 51 ఏళ్ళ ముందు, 1868 ఆగస్టు 18న, ఇలాంటి సంపూర్ణ గ్రహణానికే జాన్సెన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. ఆనాటి వర్ణపట పరిశీలనల్లో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం కథకి మొదలయింది. గుంటూరులో దానికి తగ్గ గుర్తు పెట్టాలని ఎంతోమంది ఎన్నాళ్ళుగానో అడుగుతూనే ఉన్నారు. సుందీలో మాత్రం ఫలకం పెట్టారు.

బెజవాడ బాబీ
మాస్టారూ, ఇది బిట్లలో రాలేదేంటి 😄

కెమెరా కిట్టు
పక్షుల వైపు నుంచి నా వంతు. ఈ 1,000 చదరపు కిలోమీటర్లలో ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షి జాతులు రెండు డజన్లకి పైగా ఉన్నాయి. సావో టోమే గ్రోస్‌బీక్ అని ఒకటి, 19వ శతాబ్దం చివర్లో చూశాక మళ్ళీ 1991 దాకా ఎవరికీ కనబడలేదు. దానికోసమే యూరప్ నుంచి వస్తారు. దక్షిణాన వాన అడవిలో గైడ్‌తో, బురదలో టెంట్ వేసుకుని ఉంటే తప్ప దొరకదు. మామూలుగా వెళ్ళేవాళ్ళు మోంటే కఫే అనే రోసా పైన బోమ్ సుసెస్సో బొటానికల్ గార్డెన్ నుంచి లగోవా అమెలియా దాకా నడవండి. అది పాత అగ్నిపర్వత బిలం, లోపల నీళ్ళ మీద పచ్చిక చాపలా పరుచుకుని ఉంటుంది. దారిలో మనిషిని మించిన ఎత్తు బెగోనియాలు!

పాముల గురించి ఎవరూ అడగలేదు గానీ మనవాళ్ళకి ముందు వచ్చే డౌట్ అదే కదా. సావో టోమే ద్వీపంలో నల్ల నాగు ఉంది, పెద్దది, విషం గట్టిది. ఎలుకల కోసం పోర్చుగీసులే తెచ్చి వదిలారని అక్కడివాళ్ళు చెప్పేవారు. పరిశోధకులు చూస్తే కాదని తేలింది, అది ఆ ద్వీపానికే సొంతమైన జాతి. 2017లో వేరే పేరు పెట్టారు. మనిషి అలికిడికి తప్పుకుంటుంది, కోకో తోటల్లో బూట్లు వేసుకోండి చాలు. ప్రిన్సిపేలో అది లేదు.

కప్పల సంగతి ఇంకా విచిత్రం. ఉప్పునీళ్ళలో కప్ప బతకదు. ఖండానికి ఎప్పుడూ అతుక్కుని లేని ద్వీపంలో కప్పలు ఎలా వచ్చాయి? పెద్ద నదులు వరదలో కొట్టుకొచ్చిన చెట్ల దిబ్బల మీద తేలుతూ వచ్చి ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా.

ఆగస్టులో తాబేళ్ళు గుడ్లు పెట్టవు, దానికి నవంబరు నుంచి ఫిబ్రవరి. హంప్‌బ్యాక్ తిమింగలాలు మాత్రం జులై నుంచి అక్టోబరు మధ్య తీరం దగ్గరికి వస్తాయి.

లాగోస్ వంశీ
నైజీరియా నుంచి. ఈ దేశం గురించి మా ఆయిల్ ఫీల్డ్ వాళ్ళు వేరేగా గుర్తుపెట్టుకుంటారు. 2001లో నైజీరియాతో ఒప్పందం చేసుకుని మధ్య సముద్రంలో ఉమ్మడి జోన్ పెట్టుకున్నారు, ఆదాయంలో నైజీరియాకి 60, వీళ్ళకి 40. మొదటి బ్లాక్‌కి 12.3 కోట్ల డాలర్ల వేలం పలికింది. ఇంకో కువైట్ అన్నారు. 2003లో అధ్యక్షుడు నైజీరియాలో ఉండగా సైన్యం కుట్ర చేసింది, రక్తం చిందకుండా వారంలో సర్దుకుంది. తవ్వితే లాభసాటి నూనె తేలలేదు. ఇప్పటికీ కరెంటుకి డీజిల్ జనరేటర్లే దిక్కు, అవి ఆగితే ఊరంతా చీకటి. హోటల్లో జనరేటర్ ఉందో లేదో కనుక్కుని బుక్ చెయ్యండి అన్నా.

పెద్దవాళ్ళకి ఇంకోటి. 1960ల చివర నైజీరియా నుంచి విడిపోవాలని జరిగిన బయాఫ్రా యుద్ధంలో చర్చి సంస్థలు ఆకలి పిల్లలకి తిండి, మందులు రాత్రిపూట విమానాల్లో పంపింది సావో టోమే నుంచే. మా ఆఫీసులో ఆ ప్రాంతపు ఇగ్బో తెగ పెద్దాయన ఒకరు ఇప్పటికీ ఆ ద్వీపం పేరు చెబితే చెయ్యి గుండె మీద పెట్టుకుంటాడు.

లువాండా శ్రీను
ఇంత వస్తుందనుకోలేదు. ఇప్పుడు చిన్న ప్రశ్నలు. ప్రిన్సిపే కూడా వెళ్ళాలా? డబ్బు ఎలా? ఇంకా ఆ శాకాహారం సంగతి.

లిస్బన్ లక్ష్మి
తిండి: కష్టం, కానీ పస్తులుండరు. వాళ్ళ ప్రసిద్ధ వంటకం కలులు, ఆకుకూరలు, బెండకాయ, ఎర్ర పామాయిల్ వేసి గంటల తరబడి ఉడికిస్తారు, కానీ అందులో ఎండుచేపో కోడో పడుతుంది. "చేప వద్దు" అంటే చాలదు, వేసి తీసేస్తారు! ముందురోజే చెప్పి విడిగా చేయించుకోండి. సీమపనస కాల్చింది, వేయించిన అరటి, చేమదుంపలు, చిక్కుడు గింజల కూర, అన్నం ఎక్కడైనా దొరుకుతాయి. పోర్చుగీసు మీకు వచ్చు కాబట్టి గెలిచారు. పచ్చడి సీసా ఒకటి పెట్టుకోండి.

డబ్బు: విదేశీ కార్డుల్ని నమ్ముకోవద్దు. యూరోలు నోట్లుగా తీసుకెళ్ళండి. ఒక యూరోకి 24.5 డోబ్రాలు, అది స్థిరం. 2018లో మూడు సున్నాలు తీసేశారు, పాత నోట్లు ఎవరైనా అంటగడితే తీసుకోకండి.

భద్రత: నాకు లిస్బన్ ట్రామ్‌లో ఉన్న టెన్షన్ కూడా అక్కడ లేదు. రాత్రి చీకటి రోడ్ల మీద జాగ్రత్త, అంతే. దారి పొడవునా పిల్లలు "దోస్, దోస్" అని మిఠాయి అడుగుతూ వెంటపడతారు. ఇవ్వకండి. టూరిస్టులు అలవాటు చేసిన అడుక్కోవడం అది.

ప్రిన్సిపేకి చిన్న విమానం, ముప్పావుగంట లోపే. టికెట్, బస రెండూ ఖరీదు. అంతరిక్షానికి వెళ్ళొచ్చిన దక్షిణాఫ్రికా కుబేరుడు మార్క్ షటిల్‌వర్త్ కంపెనీ అక్కడ పెద్ద పెట్టుబడి పెట్టింది. మాస్టారు చెప్పిన సుందీని హోటల్‌గా మార్చింది వాళ్ళే.

పాతపుస్తకం
సుందీలో కూలీల ఇళ్ళలో ఉండే కుటుంబాలకి వేరే చోట ఊరు కట్టించి తరలించారు. మంచి ఇళ్ళే అంటారు. అడవి కొట్టకుండా ఉద్యోగాలు ఇచ్చారన్నదీ నిజమే. కానీ ఒక ద్వీపంలో అతిపెద్ద యజమాని మళ్ళీ ఒక్కడే కావడం నాకు నచ్చదు.

కెమెరా కిట్టు
నాకు నచ్చింది. ఆ డబ్బు రాకపోతే అక్కడ కూడా పామాయిల్ తోటే వచ్చేది. సావో టోమే ద్వీపం దక్షిణాన జరిగింది అదేగా. ఫొటోల్లో చూసే పికో కాఉ గ్రాండె, సూదిలా నిలబడ్డ 370 మీటర్ల రాతి స్తంభం, దాని ముందు కనబడే చెట్లన్నీ కంపెనీ ఆయిల్ పామే.

పెదవేగి రైతు
ఆయిల్ పామ్‌ని అనకండి బాబూ, మా ఇల్లు గడిచేది గెలల మీదే 🙂 అడవి కొట్టి వెయ్యడం మాత్రం తప్పే.

శ్రీనూ, నీకో పని. ఆ పెట్టెల లోతు, వెడల్పు టేపుతో కొలిచి రాయి. ఎన్నో రోజున తిరగబోస్తారో అడుగు. వీలైతే మంచి కాయలు రెండు తెచ్చి పెట్టు, విత్తనానికి.

మోడరేటర్
కాయలు, విత్తనాలు తేవద్దు. దిగుమతి పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. పైగా ఆఫ్రికా కోకోకి ఉన్న వైరస్ తెగుళ్ళు మన తోటలకి అంటితే ఇక అంతే. ఎల్లో ఫీవర్ టీకా కార్డు దంపతులిద్దరికీ ఉండాలి, శ్రీను గారి శ్రీమతి ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, స్లాట్ ముందే చూసుకోండి. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడగండి.

పెదవేగి రైతు
సరే, కాయలొద్దు. కొలతలు మాత్రం మర్చిపోకు. పెట్టె అడుగున రసం కారడానికి రంధ్రాలు ఎంతెంత దూరంలో పెట్టారో కూడా చూడు.

లువాండా శ్రీను
టేపు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది బాబాయ్. టికెట్లు తీసేశాను, ప్రిన్సిపే ఈసారికి వదిలేశాను. ఫోర్‌మన్ దగ్గర తాత అన్న పేరు, వాళ్ళ ఊరి పేరు రాయించుకున్నాను. ఏ రోసాకి వెళ్ళాడో వాళ్ళకి తెలీదు. లక్ష్మి గారూ, అక్కడ పాత కూలీల రిజిస్టర్లు ఎక్కడైనా ఉంటాయా, ఎవర్ని అడగాలి?

లిస్బన్ లక్ష్మి
రాజధానిలో చారిత్రక ఆర్కైవ్ ఉంది, ముందు అక్కడ అడగండి. పేర్లు పోర్చుగీసువాళ్ళు మార్చి రాసేవాళ్ళు కాబట్టి ఊరి పేరు, బయల్దేరిన రేవు, సుమారు సంవత్సరం దగ్గరుంచుకోండి. లిస్బన్‌లో కూడా వలస పాలన నాటి కాగితాల ఆర్కైవ్ ఉంది. ఆ వివరాలు నాకు మెసేజ్ చెయ్యండి, ఇక్కడ నేను వెళ్ళి చూస్తాను.